మంగలకత్తి అంచు: వంపుదా, నేరుదా?



తాతల కాలపు మడతకత్తి కొన్ని ఇండ్లలో ఇప్పటికీ ట్రంకుపెట్టె అడుగున, పాత గుడ్డలో చుట్టి ఉంటుంది. పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రికి గడ్డం గీయవలసి వచ్చినప్పుడు కొడుకు దానిని బయటకు తీస్తాడు. మరోవైపు పట్నంలో ఉద్యోగాలు చేసుకునే కుర్రవాళ్లు కొందరు సరదాకొద్దీ అలాంటి కత్తులే వెతికి కొంటున్నారు. ఇద్దరికీ ఒకే సందేహం వస్తుంది. ఒక కత్తి అంచు గీత గీసినట్టు నేరుగా ఉంటుంది. ఇంకొకటి మధ్యలో కొంచెం ముందుకు పొడుచుకువచ్చి, రెండు కొనల దగ్గర వెనక్కు తగ్గి ఉంటుంది. ఏది మంచిది? పెద్దాయన మెడమీద ఏది పెట్టవచ్చు? ఈ నెల మన శీర్షికలో ఆ సంగతి చూద్దాము. మంగలకత్తి అన్నమాట సంసోను కథ చదివిన పిల్లలకు కూడా తెలిసినదే గనుక దాని గురించి వేరే పరిచయం అక్కరలేదు.

ఈ కత్తులకు రెండు ఊళ్లు పేరుపొందాయి. ఒకటి ఇంగ్లండులోని షెఫీల్డ్, రెండోది జర్మనీలోని జోలింగెన్. పాత షెఫీల్డ్ కత్తులు వెడల్పుగా, బరువుగా, పచ్చడానికి కొట్టే చీలలాగా మందంగా ఉండేవి. వంపు అంచు వాటిలో తరచుగా కనిపిస్తుంది. తరువాత సానచక్రాలు బాగుపడి, కత్తి రెండు పక్కలను లోపలికి తోడినట్టు పలుచగా చేయడం వచ్చింది. ఆ పనికి జోలింగెన్ ప్రసిద్ధి. అక్కడ తయారుకాని కత్తిమీద ఆ ఊరి పేరు వేయకూడదని 1938లో చట్టమే చేశారు. మన ఉక్కుకు కూడా ఈ కథలో కొంత చోటుంది. నిజామాబాదు వైపు కోనసముద్రం వంటి ఊళ్లలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును దూరదేశపు వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి హిందూదేశపు ఉక్కును లండనులో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ పరీక్షించి మెచ్చుకున్నాడు. 1820 ప్రాంతంలో ఆయనా, శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడేయూ కలిసి దానిమీద ప్రయోగాలు చేశారు.

ఇక అంచు సంగతి. వంపు అంచును పడమటి దేశాల్లో నవ్వు అంటారు. కత్తిని అంచు కిందికి వచ్చేలా పట్టుకుని చూస్తే పెదవులు నవ్వుతున్నట్టే ఉంటుంది. ఈ కత్తి ముఖంమీద ఒకేసారి కొద్ది మేర మాత్రమే ఆనుతుంది. అందువల్ల దవడ కింద గుంటల్లో, కంఠమణి పక్కన, పైపెదవి మీద చక్కగా తిరుగుతుంది. కొనలు వెనక్కు తగ్గి ఉంటాయి గనుక మూల గుచ్చుకునే భయం తక్కువ. అయితే చెంపమీద ఒక లాగుకు తెగే వెడల్పు తక్కువ. చేతి బరువంతా ఆ కొద్ది చోటనే పడుతుంది, కాబట్టి చెయ్యి తేలికగా ఉండాలి.

నేరు అంచు దీనికి తిరుగుడు. చెంపమీద ఒక్క లాగుకు ఇంత మేర శుభ్రం చేస్తుంది. కాని మెడ గుంటలో రెండు కొనలూ ఆని మధ్య భాగం గాలిలో ఉండిపోతుంది. అప్పుడు మనిషి తెలియక ఇంకా నొక్కుతాడు, మూల దిగుతుంది. కొన చతురస్రంగా, సూదిలాగా ఉన్న కత్తి అయితే మరీ ప్రమాదం. నేరు కత్తి తీసుకునేవారు మూల గుండ్రంగా ఉన్నదే తీసుకోవడం మేలు.

గీయడంలో తేడా ఇంతే. అసలు తేడా నూరడంలో ఉంది, చాలామంది కత్తి పాడుచేసేది అక్కడే. మంగలకత్తిని కొడవలి నూరినట్టు ఎత్తిపట్టి నూరరు. వెన్ను, అంచు రెండూ రాతిమీద ఆనించి, అంచు ముందుగా నడిపించాలి. వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది. నేరు అంచు చదునైన రాతిమీద మొత్తం ఒకేసారి ఆనుతుంది. కొత్తవాడికి కూడా నాలుగు రోజుల్లో చెయ్యి కుదురుతుంది. వంపు అంచును అలాగే పెడితే మధ్య భాగం మాత్రం నూరుకుంటుంది, రెండు కొనలూ మొద్దుగానే ఉండిపోతాయి. దానిని పిడివైపు చివరనుండి మొదలుపెట్టి, మణికట్టు కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఆనే చోటు కొనదాకా జరిగేలా నడిపించాలి. వెన్ను మాత్రం రాతిని వదలకూడదు. ఈ పనికి వెడల్పు రాయికంటె సన్నని రాయి సులువు. తోలుపట్టీ మీద లాగేటప్పుడు మాత్రం ఏ కత్తికైనా వెన్ను ముందు, అంచు వెనుక. తిప్పేటప్పుడు వెన్నుమీదనే దొర్లించాలి. అంచుమీద తిప్పితే పట్టీ తెగుతుంది, పదునూ పోతుంది.

మూడో రకం ఒకటుంది, దానిని ఎవరూ కావాలని చేయరు. మధ్యలో లోపలికి అరిగిపోయి, కొనలు ముందుకు వచ్చిన కత్తి. పడమటివారు దీనిని ముడుచుకున్న ముఖం అంటారు. సన్నని రాతిమీద కత్తిని ఏటవాలుగా జరపకుండా ఎప్పుడూ ఒకే చోట రుద్దినా, నూరేటప్పుడు వేలితో మధ్యలో నొక్కినా ఇలా అవుతుంది. కత్తి అంచు పక్కన ఒక ఉక్కు స్కేలు తగలకుండా దగ్గరగా పట్టి, వెలుతురుకు ఎదురుగా చూడండి. కొనల దగ్గర వెలుగు ఎక్కువ కనబడితే వంపు కత్తి. మధ్యలో వెలుగు ఎక్కువైతే అది అరిగిన కత్తి. దానితో గడ్డం గీయవద్దు. తెలిసిన సానవాడు సరిచేస్తే సరే, లేకుంటే తాతగారి గుర్తుగా దాచుకోండి.

పెట్టెలో దొరికినది మంచి వంపు కత్తి అయితే దానిని నేరుగా చేయాలని రాతిమీద అరగదీయవద్దని మా మనవి. వెన్ను కూడా అంచుతోపాటే వంగి ఉంటే, అది చేసినవాడు కోరి చేసిన వంపు. దానిని చెరిపితే వెడల్పు తగ్గిపోతుంది, వెన్నుకూ అంచుకూ ఉన్న పొందిక చెడుతుంది.

కొత్తగా నేర్చుకునేవారికి మేము నేరు అంచు, గుండ్రని మూల ఉన్న కత్తినే చెబుతాము. కొద్దిపాటి వంపు ఉన్నా ఫరవాలేదు. ఎక్కువ వంపుది చెయ్యి తిరిగినవారికే.

మరి మంచాన ఉన్న తండ్రి సంగతి? ఆయనకు వంపుదీ వద్దు, నేరుదీ వద్దు. వయసు మీదపడినవారి చర్మం వదులుగా, పలుచగా ఉంటుంది. తల నిలవదు, దగ్గు వస్తే చెప్పలేరు. గుండెజబ్బుకు, పక్షవాతానికి రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నవారికి చిన్న గాటు పడినా రక్తం త్వరగా ఆగదు. అటువంటివారికి విద్యుత్ షేవరు మంచిది. అది లేకపోతే మామూలు సేఫ్టీ రేజరులో కొత్త బ్లేడు వేసి, గోరువెచ్చని నీటిగుడ్డ కొంచెంసేపు గడ్డంమీద ఉంచి, నురగ బాగా పట్టించి, ఒక చేత్తో చర్మం సాగదీస్తూ వెంట్రుక పెరిగే వైపుకే లాగండి. నున్నగా రాకపోయినా ఏమీ నష్టం లేదు. కత్తిమీద మోజు ఉన్న కొడుకు తన ముఖంమీద నేర్చుకోవాలి గాని తండ్రి మెడమీద కాదు.

కత్తి ఏదైనా ఇంట్లో ఒకరిదే కావాలి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బ్రతికి ఉండగలదు. బి రకానికి టీకా ఉంది, సి రకానికి లేదు. నీళ్లలో ముంచి తువ్వాలుకు తుడిచినంత మాత్రాన కత్తి శుద్ధి కాదు. పటిక రాస్తే చిన్న గాటు రక్తం ఆగుతుంది, అంతవరకే దాని పని. ఈ కారణం చేతనే క్షౌరశాలల్లో పాత కత్తి పోయి, సగం బ్లేడు అమర్చే కత్తి వచ్చింది. మీ ఊరి క్షురకుడు మీ కళ్ల ఎదుట కొత్త బ్లేడు విప్పి వేస్తున్నాడా లేదా చూడండి. వేయకపోతే మర్యాదగా అడగండి. ఆ రూపాయో రెండు రూపాయలో అదనంగా ఇవ్వడానికి వెనుకాడవద్దు, ఎందుకంటే బ్లేడు ఖర్చు ఆయన చేతినుండే పోతోంది. ఆ సగం బ్లేడుకు వంపు ఉండదు. అన్నీ నేరువే. కనుక దవడ కింద గుంటల్లో ఆ వంపు చేసే పనిని ఇప్పుడు ఆయన మణికట్టే చేస్తున్నది.