ఎగుమతుల లెక్కలో పత్తి ఏరిన చేతులెక్కడ?

ప్రతి నెలా 15వ తేదీ అటూఇటూగా కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతి, దిగుమతుల లెక్కలు విడుదల చేస్తుంది. లోటు పెరిగిందా, తగ్గిందా అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే కౌలు రైతుకు, ఆ పత్తి ఏరిన కూలీకి ఈ లెక్కలతో ఏం పని? 2025లో జరిగింది చూస్తే తెలుస్తుంది.

ఆ ఏడాది ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. బట్టల ఎగుమతిదారులకు ఊరటగా కేంద్రం అంతకు వారం ముందే పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 వరకే అని, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించింది. మన చేలల్లో పత్తి ఏరేది అక్టోబర్ నుంచి. అంటే సరిగ్గా కొత్త పంట మార్కెట్‌కు వచ్చే మూడు నెలలూ విదేశీ పత్తికి సుంకం లేదు. మిల్లుకు బయటి నుంచి చౌకగా దొరికితే ఇక్కడి వ్యాపారి ధర పెంచడు.

మద్దతు ధర ఉంది కదా అంటారు. ఉంది, 2025-26 సీజన్‌లో పొడవు పింజ రకానికి అది క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ సీసీఐకి అమ్మాలంటే యాప్‌లో పేరు నమోదు కావాలి, స్లాట్ దొరకాలి, తేమ 12 శాతం మించకూడదు. అక్టోబర్ చివర మొంథా తుపాను వరంగల్‌ను ముంచెత్తాక తడవని పత్తి ఎంతమంది దగ్గర మిగిలింది? పైగా పట్టా పాస్‌పుస్తకం భూమి యజమాని పేరు మీద ఉంటుంది. కౌలు రైతుకు మిగిలేది ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరే.

చివరి దెబ్బ కూలీ మీద పడుతుంది. పత్తి ఏరేవాళ్లలో ఎక్కువమంది మహిళలు. దళిత, ఆదివాసీ, బీసీ కుటుంబాల వాళ్లు. కూలి కిలోకింత అని లెక్క. రైతుకు ధర రాకపోతే మొదట కోత పడేది ఆ కిలో లెక్కలోనే. అమెరికా వేసిన సుంకం భారం ఎగుమతిదారు నుంచి రైతుకు, రైతు నుంచి కౌలుదారుకు, అక్కడి నుంచి కూలీకి దిగింది.

ఇది కొత్త సంగతి కాదు. 1923లో ప్రచురించిన రూపాయి సమస్య గ్రంథంలో డాక్టర్ అంబేద్కర్ ఇదే ప్రశ్న వేశారు. రూపాయి విలువ పడిపోతే ఎగుమతిదారుకు వచ్చే లాభం ఎవరి జేబులోంచి వస్తోంది అని. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు, ఆ తేడాయే లాభంగా మారుతుందని ఆయన చూపించారు. వాణిజ్య లెక్కలను కూలీ వైపు నుంచి చదవడం మనకు ఆయన నేర్పిన పాఠం.

తెలంగాణ జనాభాలో దళితులు 15 శాతానికి పైగా ఉన్నారు. భూమి లేనివాళ్లే ఎక్కువ. కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం ప్రకారం కౌలుదారులకు కార్డులివ్వాలి. ఆ కార్డు మీదే సీసీఐ పత్తి కొనాలి. పత్తి ఏరే కూలికి కనీస రేటు ప్రకటించి అమలు చేయాలి. పంట చేతికొచ్చే నెలల్లో దిగుమతి సుంకం ఎత్తేయకూడదు.

వచ్చే నెల లెక్కలు వచ్చినప్పుడు లోటు ఎంత అని మాత్రమే కాదు, ఆ లోటు ఎవరి కూలిలోంచి పూడుస్తున్నారని కూడా అడుగుదాం.