'పాఠ్యేతరం' అనే అపచారం

1947లో ఆక్స్‌ఫర్డులో డొరొతీ సేయర్స్ చేసిన ప్రసంగం అమెరికాలో ఒక విద్యోద్యమానికి ప్రేరణ అయింది. 1981లో ఐడహో రాష్ట్రపు మాస్కో పట్టణంలో వెలసిన లోగోస్ పాఠశాల దాని తొలి పాఠశాలల్లో ఒకటి. ఈ సంప్రదాయ క్రైస్తవ పాఠశాలల్లో చదువుకు మూడు మెట్లు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం. ఉన్నత పాఠశాల మూడవ మెట్టు.

మరి వక్తృత్వాన్ని సాధన చేయించే వాదసంఘాన్నీ, నాటకసంఘాన్నీ 'పాఠ్యేతరం' అని బడిగంట తరువాతకు నెట్టడమేమి? ఈత పాఠం గదిలో చెప్పి, చెరువును సెలవు రోజుకు వదిలినట్లున్నది!

సంఘాలన్నీ పతకాల వేట అని కొందరి ఆక్షేపణ. సత్యం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం అని మన న్యాయశాస్త్రం ఏనాడో విడదీసింది. ఆ భేదం నేర్పడానికే గురువు అక్కడ ఉండాలి.

వ్యాకరణమూ తర్కమూ చదివి, సభలో నోరు మెదపలేని పండితులను నేనెరుగుదును. వారిలో నేనొకడిని. ఆ లోటు ఏ మార్కుల పట్టికలోనూ కనబడలేదు.