రాయి తీయడానికి పొట్ట కోయనక్కరలేదు

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో "రాయి పడింది" అనగానే మొదట గుర్తుకు వచ్చేది కొండపిండి ఆకు. తరువాత అరటిదవ్వ రసం. డాక్టరు గుర్తుకు వచ్చేది చిట్టచివర. చిన్న రాళ్లు మూత్రంతోపాటు వాటంతటవే పడిపోవడం కద్దు. ఆ పేరు ఆకుకు దక్కుతోంది. మూత్రాశయంలో కోడిగుడ్డంత పెరిగిన రాయిని మాత్రం ఏ ఆకూ పిండి చేయలేదు.

ఆలస్యానికి అసలు కారణం కత్తి భయం. పొట్ట కోస్తారని, పది దినాలు మంచాన పడితే సేద్యం ఏమవుతుందని జనం వాయిదా వేస్తున్నారు. ఒకప్పుడు ఆ భయంలో అర్థం ఉంది. నేడు పెద్ద రాయికి సైతం వేరే మార్గం ఉన్నదని ఈ పల్లెలకు చెప్పేవారు లేకపోవడం విచారకరం.

మూత్రనాళం గుండా సాధనం పంపి, రాయిని నలిపి, కడిగివేసే పద్ధతిని అమెరికాలో బిగెలో అనే సర్జను 1878లోనే ప్రకటించాడు. రాయి మరీ పెద్దదైతే ఆ సన్నని దారిలో పని సాగదు, నాళం దెబ్బతింటుంది. అందుచేత ఇప్పుడు పొత్తికడుపు కింద సుమారు ఒక సెంటీమీటరు గాటు పెట్టి, గొట్టం దించి, లోపలి దృశ్యాన్ని తెరపై చూస్తూ రాయిని పగలగొట్టి ముక్కలు బయటకు తీస్తున్నారు. పగలగొట్టడానికి గాలి ఒత్తిడితో కొట్టే పరికరం గాని, లేజరు గాని వాడతారు. గాయం చిన్నది, ఆసుపత్రి మకాం తక్కువ. అందరికీ ఇదే కుదరదు. లోగడ పొత్తికడుపు ఆపరేషన్లు జరిగినవారికి, రాయి మరీ పెద్దదైనవారికి కోత తప్పకపోవచ్చు.

ఇక్కడి బోరు నీటి ఫ్లోరిన్ వల్లనే రాయి పడిందని చాలామంది నమ్మకం. ఫ్లోరిన్ కీడు ముఖ్యంగా పళ్లకు, ఎముకలకు. పెద్దవారి మూత్రాశయంలో రాయి ఏర్పడేది ఎక్కువగా మూత్రం పూర్తిగా పోక నిలిచిపోవడం వల్ల. వయసు మళ్లిన మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి వాచి దారికి అడ్డుపడుతుంది. దానికి చికిత్స చేయకుండా రాయి ఒక్కటే తీస్తే మళ్లీ పడుతుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆపరేషన్ ఖర్చుకు ఆదుకోవచ్చు గాని, రాయి ఉన్నదని ముందు తేలాలి గదా! సీతారామపురం, వరికుంటపాడు ముసలివారు నూరు కిలోమీటర్లు బస్సులో కుదుపులు తింటూ నెల్లూరు చేరాలంటే, ఆ నొప్పితో ఎంత నరకమో అధికారులు ఊహించాలి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వ ఆసుపత్రులలో వారానికొక రోజు నిర్ణయించి మూత్ర రోగులకు స్కానింగ్ జరపాలి. రాయి తేలినవారిని చీటీ రాసి ఆపరేషన్ తేదీతో సహా నెల్లూరు పంపాలి. యూరాలజీ డాక్టరు నెలకొకసారైనా ఇటు రావాలి.

మరొక మాట. ధార మధ్యలో ఆగిపోయి, పక్కకు ఒరిగితే మళ్లీ రావడం, చివర నొప్పి, నెత్తురు చార ఈ జబ్బు గుర్తులు. ఒంటేలు సంగతి చెప్పుకోవడానికి మన పెద్దలు సిగ్గుపడతారు. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు బి.పి., షుగరు అడిగినట్లే ఈ ప్రశ్న కూడా అడగాలి.