మొక్క కొనేముందు తల్లిచెట్టు ఏదని అడగండి



మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే మన ఇళ్ళలోను, చర్చి ఆవరణల్లోను మొక్కలు నాటే మాట మొదలవుతుంది. ఈ నెల "మన పెరడు" శీర్షికలో ఎవరికో బుద్ధి చెప్పాలని కూర్చోలేదు. నేను చేసిన తప్పొకటి మీతో చెప్పుకొనవలసి ఉన్నది.

బాన్సువాడకు దగ్గరలోని మా పల్లెలో చర్చికి ప్రహరీగోడ కట్టుకున్నాము. 2021 కోత పండుగ కానుకలోనుండి 6,000 రూపాయలు నీడనిచ్చే చెట్ల కొరకు తీసిపెట్టారు సంఘ పెద్దలు. మొక్కలు తెచ్చే పని నాకు అప్పగించారు. మా వీధిలో ఉండే చిన్నమ్మ, చిన్నాయన పోయిన తరువాత నాలుగు కోళ్ళు పెంచుకొని బతుకుతున్నది. ఆమె కొంగుముడి విప్పి 200 రూపాయలు నా చేతిలో పెట్టింది. "బిడ్డా, మీ చిన్నాయన పేరు మీద ఒక యాపచెట్టు పెట్టియ్యి. యాప కింద మంచమేసుకొని పండుకునుడంటే ఆయనకు పాణం" అన్నది.

2022 జూన్‌లో మా ఊరికి మొక్కల బండి వచ్చింది. పచ్చగా, నిటారుగా, అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. "సార్, ఏడాదికి గోడ దాటిపోతది. పురుగు ముట్టదు, ఆకు రాలదు, ఎండాకాలం కూడా పచ్చగుంటది" అన్నాడు బండివాడు. వేప అడిగితే లేదన్నాడు. ఇంకో రోజు వెదుకుదామనే ఓపిక నాకు లేకపోయింది. ఉన్న సొమ్మంతా పెట్టి 40 మొక్కలు కొన్నాను. చిన్నమ్మ 200 రూపాయలు కూడా అందులోనే కలిసిపోయాయి.

అది కోనోకార్పస్. సముద్రపు ఒడ్డున ఉప్పునేలల్లో పుట్టిన విదేశీ జాతి. కొందరు దుబాయి మొక్క అంటారు. హరితహారం రోజుల్లో మన తెలంగాణ రోడ్ల నడుమ కూడా దానిని విస్తారంగా నాటారు. తరువాత ప్రభుత్వమే నర్సరీలలో దానిని పెంచవద్దన్నది. 2023లో గుజరాత్ రాష్ట్రం నిషేధించింది. దాని పుప్పొడి వలన జలుబు, దగ్గు, ఉబ్బసం వస్తాయని, వేర్లు నేలలోని పైపులను, తీగలను పాడు చేస్తాయని అక్కడి అటవీశాఖ చెప్పిన కారణాలు. శాస్త్రజ్ఞులందరూ ఈ మాట ఒప్పుకోలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. నా కళ్ళతో నేను చూసినది మాత్రం వేరు. రెండేండ్లు గడిచినా ఆ 40 చెట్లలో ఒక్కదానిమీద పిట్ట గూడు కట్టలేదు.

పురుగు ముట్టదని బండివాడు చెప్పినప్పుడు నేను సంతోషించాను. ఆలోచిస్తే అదే దాని లోపము. పిచ్చుక పెద్దదైన తరువాత గింజలు తింటుంది గాని, పిల్లలకు మెత్తని పురుగులనే నోటికి అందిస్తుంది. ఆ పురుగులకు తరతరాలుగా అలవాటైన ఆకు కావాలి. మీ పెరట్లో కరివేపాకు, నిమ్మ ఉంటే చూడండి, వాటి ఆకు తిని పెరిగిన గొంగళిపురుగే రంగురంగుల సీతాకోకచిలుక అవుతుంది. ఆకు తినే ప్రాణి లేని చెట్టు పిట్టకు గోడవంటిదే.

అందము చూసి, అవసరము చూసి పరదేశపు మొక్కను తెచ్చుకొని తల పట్టుకోవడం మనకు కొత్త కాదు. మన చెరువులను కప్పేస్తున్న గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. దాని ఊదా పూలకు మురిసి ఎవరో తెచ్చిపెట్టారు. సర్కారు తుమ్మ గింజలను 1877లో కడప ప్రాంతంలో, వంటచెరకు కొరకు నాటించారు. ఇప్పుడు దానిని పీకలేక రైతులు అలసిపోతున్నారు.

అయితే విదేశీ మొక్క అంతా చెడ్డదని నేను అనను. అట్లయితే మన కూరలో మిరపకాయ ఉండకూడదు, పెరట్లో జామ, బొప్పాయి, సీతాఫలము ఉండకూడదు. ఇవన్నీ అమెరికా ఖండము నుండి వచ్చినవే. చింతచెట్టు కూడా ఎప్పుడో ఆఫ్రికా నుండి వచ్చిందని చెబుతారు. తిండికి పెంచుకునే నాలుగు చెట్ల మాట వేరు. వరుసగా నలభై నాటి, ఇక వందేండ్లు నీడ ఇమ్మని వదిలిపెట్టే చెట్ల మాట వేరు.

ఆదికాండము 21వ అధ్యాయములో అబ్రాహాము బెయేర్షెబాలో ఒక పిచుల వృక్షము నాటినట్లు చదువుతాము. బెయేర్షెబా ఎండిన నేల. పిచుల వృక్షము ఆ ఎడారి అంచున తనంతట తాను బతికే చెట్టు.

మరి మన నేల ఏది? బాన్సువాడ చుట్టుపక్కల ఒకే ఊరిలో రెండు నేలలు ఉంటాయి. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్ళు పారే వరిపొలాలు ఒకటి, నీరెక్కని చెల్కలు మరొకటి. కాలువ గట్టుకు, వాగు ఒడ్డుకు తెల్లమద్ది, నేరేడు, కానుగ సరిపోతాయి. చెల్కలో మోదుగ, నారేప, రేల, జమ్మి, ఇప్ప, వేప నిలుస్తాయి. జమ్మి మన రాష్ట్ర వృక్షము. మోదుగాకుతో విస్తర్లు కుట్టుకొని మన పెద్దలు పెండ్లిండ్లు చేశారు. మద్దిని తీసుకుపోయి చెల్కలో పెడితే అది నీళ్ళకు ఏడుస్తుంది. "మన దేశపు మొక్కేనా" అని అడిగితే చాలదు, "మన ఊరి ఏ నేలది" అని అడగాలి.

ఇక నర్సరీ సంగతి. మొక్క ఎత్తు, ఆకుల నిగనిగ చూసి కొనవద్దు. మొదట తల్లిచెట్టు ఎక్కడ ఉందని అడగండి. విత్తనము ఏ ఊరి చెట్టుదో నర్సరీవాడు వెంటనే చెప్పగలిగితే అతని దగ్గర నిలబడవచ్చు. చెప్పలేకపోతే అవి ఎక్కడినుండో లారీలో దిగినవి, లేదా అడవిలో మొలిచినదానిని పీకి సంచిలో పెట్టినవి. అడవినుండి పీకినదానికి చాలాసార్లు తల్లివేరు తెగిపోయి ఉంటుంది. అడవికి నష్టము, మనకూ నష్టము.

తరువాత సంచిని ఎత్తి అడుగు చూడండి. వేరు చుట్టలు చుట్టుకొని ఉంటే ఆ మొక్క సంచిలో ఎక్కువకాలము ఉన్నదన్నమాట. నాటినా ఆ చుట్టలోనే పెరిగి, చెట్టయ్యాక పెద్ద గాలివానకు కూలిపోతుంది. జానెడున్న లేత మొక్కే దానికంటె మేలు. సంచిలో చెరువు మన్ను, ఇసుక, పెంట ఎరువు కలిపారా, లేక మందు వాసన వస్తున్నదా అని ముక్కుతోనే తెలుసుకోవచ్చు. నీడవల కిందనే ఉంచిన మొక్కను తెచ్చి నేరుగా ఎండలో పెడితే వాడిపోతుంది, కొన్నాళ్ళు ఎండకు అలవాటు చేశారో లేదో అడగాలి. ఖాళీ సంచులను వెనక్కు తీసుకునే నర్సరీ అయితే ఇంకా మంచిది. మన పొలంగట్ల మీద ప్లాస్టిక్ ఇప్పటికే చాలు.

విత్తనము దగ్గర ఇంకొక సంగతి ఉన్నది. వేపగింజకు, ఇప్పగింజకు ఆయుష్షు తక్కువ. పండు రాలిన రెండు మూడు వారాల్లో విత్తకపోతే మొలవడము కష్టము. రేలగింజకు పెంకు గట్టిది, వేడినీళ్ళలో నానవేస్తే గాని లేవదు. కాబట్టి ఈ మొక్కలు పెంచేవాడు చెట్టు కిందికి సమయానికి వెళ్ళినవాడై ఉంటాడు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యగారు అటువంటివారు. సైకిలు మీద విత్తనాలు, మొక్కలు పెట్టుకొని తిరుగుతూ జీవితమంతా నాటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయనకు నర్సరీ అంటే దారిపక్క చెట్టే.

2024 ఎండాకాలంలో పెద్దలతో మాట్లాడి ఆ 40 చెట్లను తీయించాము. అప్పుడు నేను చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. "చిన్నమ్మా, నీ పైసలతో వేప పెట్టలేదు, తప్పయింది" అన్నాను. ఆమె చాటలో బియ్యము చెరుగుతూ తల ఎత్తలేదు. "నాకు తెల్వదా బిడ్డా, యాపాకు ఎట్లుంటదో. మొదటి దినమే చూసిన. నువ్వే చెప్తవని ఊకున్న" అన్నది. ఆ రెండేండ్లలో ఎన్ని ఆదివారాలు ఆమె ఆ చెట్ల పక్కనుండి నడిచి లోపలికి వచ్చిందో లెక్కపెట్టుకునే ధైర్యము నాకు రాలేదు.

2018 పంచాయతీరాజ్ చట్టము వచ్చిన తరువాత మన పల్లెల్లో పంచాయతీ నర్సరీలు వెలిశాయి. ఇంత దగ్గర ఉన్నదానిని వదిలి నేను బండివాడిని నమ్మాను. 2025 వానలకు అక్కడికే వెళ్ళాము, చిన్నమ్మను కూడా తీసుకొని. మొక్కలు చూసుకునే తమ్ముణ్ణి తల్లిచెట్టు ఏదని అడిగితే, "బడి ముంగటి యాప. పోయిన ఏడు పండ్లు రాలినప్పుడు నేనే ఏరుకొచ్చిన" అన్నాడు. కానుగలు, నేరేళ్ళు, రెండు రేలలు కూడా తెచ్చాము. అన్నీ కలిపి పదహారే. ఒకటిన్నర అడుగు గుంతలు తీసి, సంచి కోసి, వేరు కదలకుండా దించాము. చుట్టూ రేగుకంప వేశాము.

వేపను ఒకసారి మేక కొస కొరికింది. కొరికినచోట రెండు చిగుళ్ళు వచ్చాయి. చిన్నమ్మ రోజూ సాయంకాలము బియ్యము కడిగిన నీళ్ళు తెచ్చి పోస్తుంది. మొన్న ఆదివారము ఆరాధన అయిన తరువాత, కంప సందులోనుండి చెయ్యిపెట్టి ఒక ఆకు తుంచి నమిలి చూసింది. "మస్తు చేదున్నది" అని నవ్వుకుంటూ ఇంటికి పోయింది.