ఆకాశంలో ఇల్లు కడతాం సరే, రిపేర్లు ఎవరు చేస్తారు?

శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఇళ్లలో కూడా పిల్లలు టీవీ ముందు నుంచి కదలరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఆ కేంద్రం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా నెల్లూరోళ్ల నోట్లో అది ఇంకా మన రాకెట్ కేంద్రమే. కౌంట్‌డౌన్, చప్పట్లు, ఉపగ్రహం కక్ష్యలోకి చేరిందన్న ప్రకటన... అరగంటలో కథ అయిపోతుంది.

ఇప్పుడు మన దేశం తలకెత్తుకున్న పని మాత్రం అరగంటలో తేలేది కాదు. 2035 నాటికి భారతీయ అంతరిక్ష స్టేషన్ కడతామని ప్రభుత్వం చెప్పింది. దాని మొదటి మాడ్యూల్‌కు 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది. 2028 నాటికి దాన్ని పైకి పంపాలన్నది లక్ష్యం. మొత్తం ఐదు మాడ్యూళ్లు, సుమారు 52 టన్నులు. రాకెట్ అంటే ఒకసారి పేల్చి వదిలేసేది. స్టేషన్ అంటే ఇల్లు. ఇల్లు కట్టినవాళ్లకు తెలుసు, అసలు ఖర్చు గృహప్రవేశం తర్వాతే మొదలవుతుందని.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సంగతే చూడండి. 2000 నవంబర్ 2 నుంచి అది ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు. నేలకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. అక్కడివాళ్లకు రోజుకు పదహారు సూర్యోదయాలు. బరువు తెలియని చోట ఎముకలు, కండరాలు కరిగిపోకుండా దాదాపు రెండు గంటల కసరత్తు తప్పనిసరి. శనివారం ఇల్లు ఊడ్చే రోజు. వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని దుమ్ము, వెంట్రుకలు, తిండి తునకలు ఏరుకోవాలి. మిగిలిన వేళల్లో ప్రయోగాలు. వాటి మధ్యలో ఎడతెగని రిపేర్లు.

వాటిలో ముఖ్యమైనది ప్లంబింగ్. అక్కడ మనిషికి తాగడానికి, వండుకోవడానికి, ఒళ్లు తుడుచుకోవడానికి కలిపి రోజుకు నాలుగు లీటర్లకు కాస్త తక్కువే నీళ్లు. చెమట, ఊపిరిలోని తేమ, మూత్రం అన్నీ శుద్ధి చేసి మళ్లీ తాగుతారు. ఇలా 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగామని 2023లో నాసా ప్రకటించింది. సోమశిల పక్కనే ఉండి కూడా ఎండాకాలం నీళ్ల కోసం చూసిన ఇల్లాలికి ఈ లెక్క విలువ వేరే చెప్పక్కర్లేదు. అలాంటి నీళ్లు పాక్ అవుతాయా అని అడిగేవాళ్లు ఉంటారు. మురుగునీటిని రంగు, రుచి, వాసన ఏమీ మిగలకుండా పూర్తిగా శుద్ధి చేస్తే అది పాకేనని సౌదీ ఉలమాల మండలి 1978లోనే ఫత్వా ఇచ్చింది.

2024 మే చివర్లో ఆ మూత్రశుద్ధి యంత్రం పంపు చెడిపోయింది. జూన్ 5న సునీతా విలియమ్స్, బచ్ విల్మోర్ స్టార్‌లైనర్‌లో బయల్దేరుతున్నారు. సుమారు 70 కిలోల కొత్త పంపుకు చోటు కావాలి. దాంతో వాళ్లిద్దరి సూట్‌కేసులు కిందే దించేశారు! వారం పైచిలుకు పనే కదా అనుకున్నారు. తీరా వాళ్లు 286 రోజులు ఉండిపోయారు. బట్టలకంటే పంపు ముఖ్యమని తేల్చిన నిర్ణయం మాత్రం సరైనదే.

రెండో తలనొప్పి గాలి లీకు. రష్యా వాళ్ల జ్వెజ్దా మాడ్యూల్‌కు ఉన్న చిన్న సొరంగంలో 2019 నుంచి పగుళ్లు. 2020లో ఆ చోటు పట్టుకోవడానికి వాళ్లు వాడింది టీ ఆకు! గాల్లో వదిలితే తేలుతూ మెల్లగా పగులు వైపు వెళ్లింది. టేపు వేశారు, పూత పూశారు. అయినా పూర్తిగా ఆగలేదు. 2024లో ఒక దశలో రోజుకు కిలోన్నరకు పైగా గాలి పోయింది. ఇది మనకు దూరపు సంగతి కాదు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా ప్రయాణం పదే పదే వాయిదా పడిన కారణాల్లో ఈ లీకు కూడా ఉంది. చివరికి జూన్ 25న వెళ్లి, జూలై 15న తిరిగొచ్చారు.

బయటి పనులు ఇంకా కష్టం. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన రాజాచారి 2022 మార్చిలో రెండుసార్లు స్టేషన్ బయటికి వెళ్లారు. కొత్త సోలార్ పలకలకు బ్రాకెట్లు బిగించడం, అమ్మోనియా తిరిగే కూలింగ్ వ్యవస్థకు గొట్టాలు తగిలించడం ఆయన పనులు. పేరు స్పేస్‌వాక్. చేసింది ఏసీ మెకానిక్, ఎలక్ట్రీషియన్ పనే. రెండోసారి ఆయనతో వెళ్లిన మథియాస్ మౌరర్ హెల్మెట్‌లో నీళ్లు చేరాయి. దాంతో కొన్నాళ్లపాటు మామూలు స్పేస్‌వాక్‌లు ఆపేశారు.

యూఏఈకి చెందిన సుల్తాన్ అల్ నెయాదీ 2023 ఏప్రిల్ 28న ఏడు గంటలు బయట ఉన్నారు. స్పేస్‌వాక్ చేసిన తొలి అరబ్ ఆయనే. కరెంటు కేబుళ్లు పరిచే పని అయ్యింది. పాత యాంటెన్నా పెట్టె విప్పే పని మాత్రం బోల్టు బిగుసుకుపోయి ఆగిపోయింది. ఆ ఏడాది రంజాన్‌కు ఆయన పైనే ఉన్నారు. తాను ముసాఫిర్ కిందికి వస్తాను కాబట్టి రోజా తప్పనిసరి కాదని వెళ్లే ముందే చెప్పారు. అంతకు ముందు 2007 రంజాన్‌లో మలేషియా డాక్టర్ షేక్ ముస్జఫర్ షుకూర్ వెళ్లినప్పుడు ఆ దేశ ఫత్వా మండలి ఏకంగా మార్గదర్శకాలే రాసింది. నమాజు వేళలు రాకెట్ బయల్దేరిన చోటి ప్రకారం. ఖిబ్లా కోసం ముందు కాబా వైపు, కుదరకపోతే కాబాకు నేరుగా పైనున్న దిక్కు, అదీ కాకపోతే భూమి వైపు, ఏదీ కుదరకపోతే ఎటైనా. రోజాలు తిరిగొచ్చాక ఉండొచ్చు.

ఇక మన లెక్క. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పంపిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఒకదానికొకటి అతుక్కున్నాయి. అమెరికా, రష్యా, చైనా తర్వాత ఇది చేసింది మనమే. మాడ్యూళ్లు కలపాలంటే ఇదే మొదటి మెట్టు. కానీ అవి ఒక్కోటి సుమారు 220 కిలోలు. స్టేషన్‌లో మనుషులు ఊపిరి పీల్చాలి, వేడి బయటికి పోవాలి, పంపు చెడితే మార్చాలి. విడిభాగాల్లో ఏవి పైనే ఉంచాలి, ఏవి అవసరం పడ్డాక పంపాలి అన్న లెక్క ఒక్క రోజులో పట్టుబడదు. అమెరికా, రష్యాలకు అది పాతికేళ్ల అనుభవం. మన చర్చల్లో మాడ్యూళ్ల సంఖ్య, తేదీలే వినిపిస్తున్నాయి. వాల్వులు, ఫిల్టర్లు, సీళ్లు, వాటిని విప్పి బిగించే మనుషుల శిక్షణ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మన ఇళ్లలో ఏసీ, వెల్డింగ్, వైరింగ్ నేర్చుకుని కువైట్, దుబాయ్ వెళ్లినవాళ్లున్నారు. ఆ పనిని చదువు అబ్బనోళ్ల పనిగా చూడటం మనకు అలవాటు. అల్ నెయాదీ వ్యోమగామి కాకముందు యూఏఈ సైన్యంలో నెట్‌వర్క్ ఇంజనీర్. వ్యోమగాములకు పైలట్ పాఠాలతో పాటు నెలల తరబడి నేర్పేది స్పానర్ పట్టడమే. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఈ రంగంలో దారి ఉందని చెప్పే పని ప్రభుత్వమూ చెయ్యడం లేదు, మన కమ్యూనిటీ సంఘాలూ చెయ్యడం లేదు.

ఇప్పుడున్న స్టేషన్‌ను 2030 వరకు నడిపి, ఆ తర్వాత సముద్రంలో కూల్చాలన్నది నాసా ఆలోచన. దాన్ని కిందికి లాగే వాహనం కోసం 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్‌కు 84 కోట్ల డాలర్లకు పైగా కాంట్రాక్టు ఇచ్చింది. మనది పూర్తిగా సిద్ధమయ్యేది 2035కి. అందాకా మగ్రిబ్ తర్వాత కాసేపో, ఫజర్‌కు లేచినప్పుడో, సోమశిల కట్ట మీద నిలబడితే కొన్ని రోజుల్లో మిణుకు లేని తెల్లటి చుక్క ఒకటి కొన్ని నిమిషాల్లో ఆకాశం దాటిపోవడం కనిపిస్తుంది. పిల్లలకు చూపించొచ్చు. దూరదర్శిని అక్కర్లేదు.