సూది వేళ తల్లి ఒడి



బుధవారమో శనివారమో టీకాలు వేసే చోట కాసేపు నిలబడి చూడండి. సూది తీయగానే తల్లి చేతిలోని బిడ్డను ఎవరో ఒకరు అందుకొందురు. అమ్మమ్మ కాళ్లు పట్టుకొనును. తల్లి ముఖము తిప్పుకొని గుమ్మము దగ్గర కన్నీళ్లు తుడుచుకొనును. అంతా అయి, బిడ్డ ఎక్కిళ్లు పెట్టుచుండగా "ఇంక పాలియ్యమ్మా" అందురు. మా సంఘములోని కుటుంబాల వెంట వెళ్లినప్పుడు మేమిది ఎన్నోసార్లు చూచితిమి. ఆ పాలేవో సూదికి ముందే ఎందుకు ఇవ్వకూడదు?

పసివాళ్లకు నొప్పి అంతగా తెలియదని పెద్ద డాక్టర్లే చాలాకాలము నమ్మిరి. 1980ల వరకు నెలలు నిండని బిడ్డలకు చాలినంత మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసినవారున్నారు. అది తప్పని 1987లో గట్టిగా చూపినవారిలో మన దేశమునుండి వెళ్లిన డాక్టరు కన్వల్జీత్ ఆనంద్ ఒకరు.

2002లో అమెరికాలోని బోస్టన్‌లో 30 మంది అప్పుడే పుట్టిన బిడ్డలను గమనించిరి. రక్తపరీక్షకు మడమ మీద గుచ్చినప్పుడు, గుడ్డలో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డలకంటె తల్లి పాలు త్రాగుచున్న బిడ్డల ఏడ్పు 91 శాతము తక్కువ. మరుసటి ఏడు ఫ్రాన్సులో 180 మంది శిశువులను చూచినప్పుడు, పాలివ్వకుండ ఊరకే ఎత్తుకొనుట చాలలేదని తేలినది. చప్పరించుట, పాల తీపి, తల్లి ఒంటి వెచ్చదనము, వాసన, ఇవన్నీ కలిసి పనిచేయునని వైద్యుల అభిప్రాయము. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ టీకా సమయమందు, లేదా దానికి కాస్త ముందు, పాలివ్వవచ్చునని సలహా ఇచ్చినది.

చేయు విధము కష్టమైనది కాదు. పోలియో, రోటా చుక్కలుంటే ముందుగా వేయించండి. వాటి తరువాత పాలిచ్చుటకు అడ్డేమీ లేదు. బిడ్డ తొడలు, చేయి బయటికి ఉండునట్లు బట్టలు వదులు చేయండి. రొమ్ము బాగుగా పట్టి గుటకలు వినబడువరకు ఆగండి. అప్పుడు సిస్టరుగారికి సైగ చేయండి. ఆరు వారాలప్పుడు రెండు తొడలకు, కుడి చేతికి సూదులుండును గనుక నడుమ బిడ్డను రెండవ ప్రక్కకు మార్చుకొనవలసి రావచ్చును. సూది అయిన వెంటనే లాగివేయక మరికొన్ని నిమిషాలు త్రాగనివ్వండి.

"అయ్యగారండీ, తాగుతుంటే సూది వేస్తే పొలమారదా?" అని ఒక పెద్దమ్మగారు మమ్మును అడిగిరి. మంచి ప్రశ్నే. పరిశోధనలలో అటువంటిదేమీ కనబడలేదు.

అసలు అడ్డంకి వేరు. ఒక చోట సిస్టరుగారు "ఇలా కూర్చుంటే వెనకాల లైను ఎవరు చూస్తారమ్మా?" అని ఒక బాలింతను కసిరిరి. ఆమెను మేము తప్పుపట్టము. వరుసలో నలభైమంది, ఆమె ఒక్కతే. అందుచేత లోపలికి వెళ్లకముందే, వరుసలో ఉండగానే పాలు పట్టుట ప్రారంభిస్తే ఎవరి సమయమూ పోదు. ఇంకొక మాట, బల్లల మీద పదిమంది మగవాళ్లు కూర్చుండగా ఏ కోడలు ధైర్యముగా పాలివ్వగలదు? తండ్రులారా, కాసేపు బయటికి వెళ్లండి! మా హాలులో టీకాలు వేసినప్పుడు స్త్రీల సమాజమువారు రెండు పాత చీరలతో తెర కట్టిరి. ఖర్చు ఏమియు లేదు.

నొప్పి రాకుండ అని టీకాకు ముందే జ్వరపు మందు పోయవద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట ప్రమాదము. ఇక మత్తు ఇచ్చి చేయు ఆపరేషను సంగతి పూర్తిగా వేరు. అక్కడ డాక్టరు చెప్పినన్ని గంటల ముందే పాలు మానవలెను, లేనియెడల ప్రాణాపాయము.

పాలు లేని తల్లులు, తల్లిలేని బిడ్డను పెంచుచున్న అమ్మమ్మలు, నాయనమ్మలు కూడ ఉన్నారు. మీరు బిడ్డను బల్ల మీద పడుకోబెట్టనివ్వక, ఒడిలో నిటారుగా, రొమ్మునకు హత్తుకొని పట్టుకొనండి. తీపి నీళ్లు ఇవ్వవచ్చునా, ఎంత ఇవ్వవలెనో అక్కడి సిస్టరుగారినే అడగండి.