మన ఇంటి శరత్తు

పుస్తకాలలో శరత్తంటే తెల్లని మబ్బులు, తేరిన ఏటి నీళ్ళు, పిండి ఆరబోసినట్టు వెన్నెల. ఆశ్వయుజ కార్తిక మాసాలు రెండూ శరదృతువని పెద్దలు లెక్క కట్టారు. ఆ పెద్దలు మన చెన్నపట్నంలో ఒక్క ఏడాది కాపురం ఉండి ఉంటే ఆ మాట అనడానికి కాస్త తటపటాయించేవారు కాబోలు! ఇక్కడ ఆశ్వయుజం ముదిరేసరికి ఆకాశం నల్లబడుతుంది. నైరుతి గాలి వెనుదిరిగిపోతుంది, ఈశాన్యం నుండి బంగాళాఖాతం మీదుగా తడిగాలి వీస్తుంది. తమిళనాట ఏడాది పొడుగునా కురిసే వానలో సుమారు సగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. చెన్నపట్నానికి సగం కంటె ఎక్కువే. మనకు పైనున్న నెల్లూరి వారిదీ ఇదే వరుస. మన శరత్తు గొడుగు కింద గడిచే శరత్తు.

ఈ నెల మేము చెప్పదలచిన విషయం పెద్దదేమీ కాదు. ఈ రెండు నెలలలో తల్లికీ పసిబిడ్డలకూ నడుమ ఇంట్లో జరిగే చిన్న చిన్న సంగతులు. బొమ్మలు దించడం, గోరింటాకు రుబ్బడం, కిటికీ దగ్గర నిలబడి వాన చూడడం, దీపం పెట్టడం. ఇవి చెప్పుకోవడానికి ఒక పత్రిక కావాలా అంటారేమో. ఎందుకు కావాలో మనవి చేస్తాము.

మేము ఆఫీసులో గుమాస్తా పని చేసేవాళ్ళం. పొద్దున ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలితే, తిరిగి పెరంబూరు స్టేషనులో దిగేసరికి సాయంకాలం ఆరున్నర. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఐదేళ్ళు. వంట, అమ్మాయి పాఠాలు, రేపటి యూనిఫారాలు పోను పిల్లలతో తీరికగా కూర్చునే పొద్దు రోజుకు ఒక గంట దక్కితే గొప్ప. ఉద్యోగం చేసే తల్లులందరి లెక్కా ఇంచుమించు ఇదే.

ఆ గంటలో వాళ్ళు ఏ భాష వింటారు? బళ్ళో తమిళం, ఇంగ్లీషు. వీధిలో ఆట తమిళం. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుండి తమిళం తప్పనిసరి పాఠమై, ఏటా ఒక్కొక్క తరగతి ఎక్కుతూ 2015–16లో పదో తరగతికి చేరింది. తమిళం రావడం వల్ల మనకు నష్టమేమీ లేదు. మేమూ తమిళంలో ఫైళ్ళు రాసే జీతం తెచ్చుకుంటున్నాం. తరతరాలుగా ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి భాష రాదంటే అది మనకే చిన్నతనం. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షలు. అంకె చిన్నదేమీ కాదు. అయితే లెక్కలలో రాయించుకున్న భాష వేరు, అన్నం పెట్టమని అడిగే భాష వేరు.

మా చుట్టుపక్కల ఇళ్ళలో మేము చూస్తున్న వరుస ఇది. అవ్వకు తెలుగు చదవడం రాకపోయినా మాట ధారాళం. తల్లికి మాట వచ్చు, కొన్ని పేర్లు రావు. పిల్లకు అంతా అర్థమవుతుంది గాని బదులు తమిళంలో చెబుతుంది. ఆ పిల్ల రేపు తల్లయినప్పుడు తన బిడ్డతో ఏ భాషలో మాట్లాడుతుంది? అర్థమయ్యే భాషను ఎవరూ బిడ్డకు ఇవ్వలేరు, పలికే భాషనే ఇవ్వగలరు. ఆ గంట విలువ అక్కడ ఉంది. ఇక మనవంటి ఇళ్ళలో ఆ గంటకు కావలసిన సరుకంతా శరత్తు తెచ్చి గుమ్మంలో దించుతుంది.

మొదట బొమ్మల కొలువు. అటక మీది పెట్టె దించిన నాటి నుండి పిల్లలకు వేరే పని ఉండదు. పాత గుడ్డలలో చుట్టిన బొమ్మలను ఒక్కొక్కటే విప్పుతూ పేరు చెప్పడమే ఆట. పన్రుట్టి మట్టి బొమ్మలు ఒక వైపు, తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు ఒక వైపు. రోలు, రోకలి, చేట, తిరగలి, కవ్వం వంటి వస్తువులు నేటి ఇళ్ళలో కొలువు మెట్టు మీద తప్ప కనబడవు. వాటి పేర్లు పిల్లల నోట పలికించడానికి ఏడాదిలో ఇంతకంటె మంచి సమయం లేదు. వాళ్ళ కొలు, మన కొలువు ఒకే మాట. వాళ్ళు సుండల్ అన్నదే మనకు గుగ్గిళ్ళు. పేరంటానికి వచ్చిన పక్కింటి మామికి మా అబ్బాయి గుగ్గిళ్ళ పొట్లం ఇస్తూ రెండు పేర్లూ చెప్పాడు. ఆవిడ నవ్వి రెండో పొట్లం కూడా అడిగి పుచ్చుకున్నారు.

తరువాత అట్లతద్ది. ఆశ్వయుజ పున్నమి వెళ్ళిన మూడో నాడు. ఇది తమిళుల ఇళ్ళలో లేదు. అందుకే మన ఆడపిల్లలకు దీని మీద మక్కువ ఎక్కువగా ఉండాలి, కాని బడి ఉన్న రోజున తెల్లవారుజామున లేచి అన్నం తినమంటే ఏ పిల్ల తింటుంది? మేము పట్టు పట్టం. ముందు రోజు రాత్రి గోరింటాకు మాత్రం వదిలిపెట్టం. ఇక్కడివారు మరుదాణి అంటారు. కోను గొట్టాలు అంగడిలో దొరుకుతాయి గాని, ఆకు తెచ్చి కాస్త చింతపండు వేసి రుబ్బిన ముద్దే మా ఇంట వాడుక.

ఇందులో ఒక పరమ రహస్యం ఉంది, మన అక్కచెల్లెళ్ళకు మాత్రమే చెబుతున్నాము. రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకున్న పిల్ల సెల్‌ఫోను ముట్టుకోలేదు! గంటన్నర సేపు ఆ పిల్ల పూర్తిగా మనది. దురద పుడితే మనమే గోకాలి, ఆకలి వేస్తే మనమే ముద్దలు కలిపి పెట్టాలి. అక్కను చూసి తమ్ముడూ చేతులు చాపుతాడు. వాడి అరచేతిలో ఒక చందమామ పెడితే చాలు, వాడూ బందీయే. ఇద్దరికీ వరసగా ముద్దలు పెడుతూ ఉంటే ముద్దకొక మాట పడుతుంది. బళ్ళో ఎవరితో జగడం పడిందో, ఎవరు ఎవరి పెన్సిలు తీశారో ఆ రాత్రే బయటికి వస్తుంది. మామూలు రోజున పది సార్లు అడిగినా రాని సంగతులు అవి. కథ కూడా అప్పుడే అడుగుతారు. 1947లో మన పట్నంలోనే పుట్టి, తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా ఇంటింటికీ వెళ్ళిన పత్రిక ఇప్పుడు రావడం లేదు. అయినా అందులో చదివిన కథలు మన నోట మిగిలే ఉన్నాయి గదా. అవి చాలు.

అప్పటికి వానలు పట్టుకుంటాయి. సాయంకాలం తలుపు తీయగానే మా అబ్బాయి, “అమ్మా, మళై వస్తా ఉంది!” అని ఎదురు వస్తాడు.

“అవును నాయనా, వాన వస్తా ఉంది. ఇది తుంపరా, జల్లా?”

“జల్లు!”

గోడకు ఆనుకొని కూర్చున్న మా అత్తగారు మబ్బు వంక చూసి తీర్పు చెబుతారు: “జల్లు గాదురా అబ్బీ, ఇది ముసురు. రెండు దినాలు వదిలిపెట్టదు.”

“ముసురంటే అడైమళై కదా అవ్వా?” అంటుంది అమ్మాయి.

“అదేనే తల్లీ.”

ఇంతే పాఠం. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుంభవృష్టి అని వానకు ఇన్ని పేర్లున్నాయని ఏ పుస్తకం పెట్టీ చెప్పనక్కరలేదు, కిటికీ ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. పిల్లవాడు మళై అన్నప్పుడు తప్పు తప్పు అని అరవకూడదు. అరిస్తే మరుసటి నాడు వాడు ఏ భాషలోనూ ఎదురు రాడు. వాడి మాటను మన మాటలో తిరిగి వాడికే అందిస్తే, నాలుగు రోజులకు వాడే పుచ్చుకుంటాడు.

వానతో పాటు జ్వరాలు కూడా వస్తాయి. డెంగీ తెచ్చే దోమ మురుగులో కంటె ఇంటి చుట్టూ నిలిచిన తేట నీళ్ళలో గుడ్లు పెడుతుంది, పగటి పూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకని వారానికొకసారి ఆదివారం పొద్దున తొట్లు, పూలకుండీల కింది పళ్ళేలు, మూల పడేసిన డబ్బాలు బోర్లించాలి. గుడ్లు గోడకు అంటుకొని నీళ్ళు ఆరిపోయినా చాలా కాలం బతికి ఉంటాయి గనుక పీచు పెట్టి తోమాలి. ఈ పని పెద్దలకు విసుగు, పిల్లలకు పండుగ. “నీళ్ళు ఎక్కడ నిలిచాయో కనిపెట్టినవాళ్ళకు ఒక బెల్లం ముక్క” అని మేము ప్రకటిస్తాము. చెంబు, గంగాళం, తొట్టి, మూకుడు, చిప్ప అని అరుస్తూ ఇద్దరూ ఇల్లంతా గాలిస్తారు. దోమలూ తగ్గుతాయి, మాటలూ వస్తాయి.

దీపావళి వెళ్ళిన మరునాటితో మనకు కార్తికం మొదలు. అక్కడ మా అమ్మాయికి పెద్ద సందేహం వచ్చింది. “అవ్వేమో కార్తికం వచ్చిందంటుంది. బళ్ళో టీచరేమో కార్తిగై నవంబరు నడుమ గాని రాదంటారు. ఎవరిది నిజం?” ఇద్దరిదీ నిజమే. మన నెల చంద్రుని పట్టి నడుస్తుంది, వాళ్ళ నెల సూర్యుని పట్టి. చాంద్రమానపు ఏడాదికి సుమారు 354 రోజులే. ఏటా సూర్యునికి సుమారు పదకొండు రోజులు వెనుకబడడాన్ని సరిపెట్టడానికి, రెండున్నర మూడేళ్ళకొకసారి అధికమాసం వస్తుంది. ఒకే ఇంట్లో గోడకు రెండు పంచాంగాలు వేలాడుతుంటే పిల్లలు ఇంతటి ఖగోళం అడక్కుండానే నేర్చుకుంటారు. ఇది మనకు దక్కిన భాగ్యమే.

రెండింటికీ పేరు ఒక్కటే, కృత్తికది. ఈ కాలపు పున్నమి చంద్రుడు కృత్తికా నక్షత్రం దగ్గర ఉంటాడు గనుక కార్తికమైంది. పున్నమి నాడు వెన్నెలలో చుక్కలు కలిసిపోతాయి. కార్తిక అమావాస్య దగ్గరి రోజులలో మబ్బు విడిచిన సాయంకాలం పిల్లలను మేడ మీదికి తీసుకువెళ్ళి తూర్పు వైపు చూపించండి. చిన్న గుంపుగా ఆరు చుక్కలు కనబడతాయి. కుమారస్వామికి పాలిచ్చి పెంచిన ఆరుగురు తల్లులు వారే. మురుగన్ గుడి ఎరిగిన మన పిల్లలకు ఆ కథ సగం ముందే వచ్చి ఉంటుంది.

ఇదంతా తీరిక గల వాళ్ళ మాటలని అనుకోవద్దు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు అదీ కార్తికమే. మా వీధిలో నీళ్ళు నిలిచాయి, కరెంటు పోయింది, ఫోనులు ఒకటొకటిగా ఆరిపోయాయి. చిన్నవాడు అప్పటికి మూడేళ్ళవాడు. చీకటికి జడిసి ఏడుపు మొదలుపెట్టాడు. కార్తికం కోసం తెచ్చి ఉంచిన ప్రమిదలు, వత్తులు చేతికి దొరికాయి. ఆ దీపం ముందు మా అత్తగారు వాణ్ణి ఒడిలో వేసుకొని, తన చిన్నతనంలో కృష్ణగిరి పక్క పల్లెలో చెరువు తెగిన రాత్రి సంగతి మెల్లగా చెప్పారు. గేదెను ఎలా విప్పారో, గాదె మీదికి ఎవరెవరు ఎక్కారో అంతా చెప్పారు. పెద్దపిల్ల మధ్యలో పది ప్రశ్నలు వేసింది, పదీ తెలుగులోనే వేసింది. చిన్నవాడు అది వింటూ నిద్రపోయాడు. ఆ రాత్రి ఆవిడ మాట వాళ్ళకు తెలియకపోయి ఉంటే, ఒడి ఉండేది గాని కథ ఉండేది కాదు. ఆవిడకు ఇప్పుడు ఎనభై నిండవచ్చాయి. ఆ కథ మాకు సగమే వచ్చు. మిగతా సగం అమ్మాయి అడిగి రాసుకుంటున్నది.

కాబట్టి మన ఇళ్ళ తల్లులకు ఈ ఏటికి మా విన్నపాలు మూడు. గోరింటాకు రాత్రి ఒకటి పిల్లల కోసం విడిగా ఉంచండి. వాన వచ్చినప్పుడు కిటికీ మూసే ముందు దాని పేరు అడగండి. ఇంట్లో అవ్వ ఉంటే, సాయంకాలం దీపం పెట్టాక పావు గంట పిల్లలను ఆమె దగ్గర కూర్చోబెట్టండి. టీవీ ఆ కాసేపూ ఆగుతుంది.

మధుర, కోయంబత్తూరు, హోసూరు పక్కల మన ఇళ్ళలో మేము వినని వాన పేర్లు ఎన్నో ఉంటాయి. మీ అవ్వను అడిగి, ఊరి పేరు కూడా వేసి, మా శీర్షికకు రాసి పంపండి. అక్షరాలు పిల్లల చేత రాయిస్తే మరీ సంతోషం. వంకరగా ఉన్నా సరే, అలాగే పంపండి.